ఎద్దుకు కోచ్, బిడ్డకు కోచింగ్

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ సినిమా హాల్లో ఒక తండ్రి కళ్లు తుడుచుకుంటున్నాడంటే, తెర మీద ఎవరి కొడుకో గెలుస్తున్నాడని లెక్క. 2019లో 'జెర్సీ' వచ్చినప్పుడు చూశాం కదా. ముప్పయ్యారేళ్ల వయసులో మళ్లీ బ్యాటు పట్టిన నాని, రైల్వే ప్లాట్‌ఫాం మీద రైలు చప్పుడు చాటున గొంతు చించుకుని అరుస్తుంటే, మిర్యాలగూడ రైసుమిల్లు షావుకార్ల నుంచి జడ్చర్ల పత్తి వ్యాపారుల దాకా జేబురుమాళ్లు తడిపారు. ఆ సినిమాకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. కన్నీళ్లు మాత్రం బండి స్టాండు దాకా వచ్చేసరికి ఆరిపోయాయి. వెనక సీటు మీద కూర్చున్న పిల్లవాడు ధైర్యం చేసి "నాయినా, నేను గూడ అకాడమీల జేరత" అన్నాడనుకోండి, రెండు ఉమ్మడి జిల్లాల్లోనూ వచ్చే జవాబు ఒక్కటే.

"ఆటలు మన ఇంటా వంటా లేవు బిడ్డా. సప్పుడు జెయ్యక సదువుకో."

ఈ ఇంటా వంటా అనే శాసనాన్ని ఎవరు చెక్కించారో గానీ, ఏ కాకతీయ రాజూ ఇంత గట్టిగా చెక్కించి ఉండడు. సరే, మన ఇంట్లో, మన వంటింట్లో ఇంతకాలం ఏముందో ఒకసారి తొంగి చూద్దాం. పాలమూరులో చాలా ఇళ్లలో ఉన్నది తట్టా పారా. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబరే అన్న పేరు ఊరికే రాలేదు. నల్లగొండ మెట్ట ఊళ్లలో ఉన్నది ఎండిన బోరు, ఫ్లోరైడు నీళ్లు, ఆముదం చేను. ఆ తాతల కొడుకులు తట్టా పారా పక్కన పడేసి విత్తనాల దుకాణం పెట్టారు, టీచరయ్యారు, ఎల్బీనగర్లో ప్లాట్లు అమ్మారు. అప్పుడెవరికీ ఇంటా వంటా గుర్తు రాలేదు. ఇప్పుడు మనవడు డాలస్‌లో కోడ్ రాస్తున్నాడు. ఏ ముత్తాత రాశాడట? రాసేవాళ్లు ఇంటా వంటా లేకపోయినా ఇల్లు అమ్మి మరీ పంపించారు కదా! డబ్బులొచ్చే ప్రతి పనినీ మన కుటుంబాలు ఆనవాయితీ అడగకుండానే లోపలికి రానిచ్చాయి. ఆట వచ్చి తలుపు తట్టినప్పుడే వంశవృక్షం బయటికి తీస్తారు.

పోనీ, ఆటలు నిజంగా ఇంట్లో లేవా? ఇదొక్కటీ పచ్చి అబద్ధం. ఉన్నాయి, కొట్టంలో ఉన్నాయి.

మహాశివరాత్రికి మేళ్లచెరువు పోయి చూడండి. శంభులింగేశ్వరుడి దర్శనం అయ్యాక జనం ఎటు పోతున్నారో వాళ్ల వెంట నడవండి. ఎడ్ల బండలాగుడు పోటీలు. గద్వాల వైపు అయిజలో తిక్కవీరేశ్వరుడి ఉత్సవాలకూ అదే సందడి. రెండు రాష్ట్రాల నుంచీ లారీల్లో ఒంగోలు గిత్తలు దిగుతాయి. ఒక జత ధర లక్షల్లో మాట్లాడుకుంటారు. పోటీలకు విభాగాలున్నాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. మైకులో యజమాని పేరు, ఊరి పేరు, గిత్తల పేర్లు వరసగా మోగుతాయి. ఒలింపిక్ సంఘం వాళ్లొచ్చి నేర్చుకోవలసినంత పద్ధతిగా జరుగుతుంది వ్యవహారం. అందులో నాకేమీ అభ్యంతరం లేదు. చూస్తే ఒళ్లు పులకరిస్తుంది కూడా.

నా గోడు ఆ గిత్త యజమాని గురించి. ఆయనకు కొట్టంలో ఒక క్రీడా శాఖ ఉంది. పొద్దున్నే గిత్తలను నడకకు తీసుకుపోయే మనిషి వేరు, ఒళ్లు రుద్దే మనిషి వేరు, బరిలో తోలే మొనగాడు వేరు. వేళకు ఉలవలు, వేళకు తవుడు, పోటీ దగ్గర పడితే గుడ్లు. కాలు కాస్త మడత పడితే పశువుల డాక్టరు రాత్రికి రాత్రి రావాలి. పోటీకి ముందు రోజు గిత్తకు నిద్ర చెడకూడదని ఇంట్లో టీవీ సౌండు తగ్గిస్తారు. గిత్తకు ఎన్ని పళ్లొచ్చాయంటే నోరు తెరిపించకుండానే చెప్తాడు. కూతురు తొమ్మిదో తరగతిలో ఉందా పదిలో ఉందా అని అడిగితే మాత్రం ఇంట్లోకి కేకేసి కనుక్కుంటాడు.

ఆ కూతురు బడిలో ఖోఖో ఆడుతుంది. జిల్లా పోటీలకు ఎంపికైతే బూట్లు కావాలంది. "గిప్పుడు బూట్లెందుకు? ఆడితే అన్నం బెడ్తదా?" అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో గిత్త మెడకు కొత్తగా కొన్న గజ్జెల పట్టీ ఉంది. ఈ తండ్రిని నేనొక్క ఊళ్లో చూడలేదు. పేరు, గిత్త మారుతుంటాయి, మాట మారదు.

ఇంకో సంగతి గమనించండి. గిత్తలు ఓడిపోతాయి. బోలెడు సార్లు ఓడిపోతాయి. ఓడిన గిత్త మూపు నిమిరి ఆయన ఏమంటాడు? "ఎండకు తట్టుకోలే పాపం. వచ్చే ఏడు లాగుతది." దానికి వచ్చే ఏడు ఉంది. కూతురు జిల్లా పోటీల్లో ఓడి సాయంత్రం బస్సు దిగితే, "సూసినవా, నేను ముందే జెప్పిన గదా" అంటాడు. ఆమెకు వచ్చే ఏడు లేదు, వచ్చే నెలలో యూనిట్ టెస్టు ఉంది. మన ప్రాంతంలో ఓడిపోయే హక్కున్న క్రీడాకారులు నాలుగు కాళ్ల వాళ్లే.

ఈ పశుప్రీతి మనదొక్కరిదే అనుకుని సిగ్గుపడనక్కర్లేదు. 2020లో కర్ణాటక తీరంలో కంబళ పోటీల్లో శ్రీనివాస గౌడ అనే ఆయన బురదలో దున్నపోతుల వెంట పరుగెత్తాడు. ఎవరో ఆ వేగాన్ని వంద మీటర్లకు భాగించి ఉసేన్ బోల్ట్‌ను దాటేశాడని తేల్చారు. అంతే, కేంద్ర క్రీడామంత్రి స్వయంగా సెలెక్షన్ ట్రయల్స్‌కు పిలిపించబోయాడు. గౌడ మాత్రం తెలివైనవాడు, నాది కంబళ, ట్రాక్ వేరు అని వద్దన్నాడు. బోల్టును మించినవాడి కోసం దేశం ఎంత ఎదురుచూస్తోందో దాంతో తెలిసింది. కాకపోతే ముందు రెండు దున్నలుంటేనే మన కంటికి ఆనతాడు. నల్లమలలో అమ్రాబాద్ వైపు తిరిగే పొడతూర్పు పశువులకు 2020లోనే ప్రత్యేక జాతిగా జాతీయ గుర్తింపు వచ్చింది. మంచిదే. అదే అమ్రాబాద్ వైపు పరుగెత్తే పిల్లలకు ఆ గుర్తింపు ఎప్పుడిస్తారని అడగను, అడిగితే ఎన్ని పళ్లు అంటారు.

ఇక సినిమాల దగ్గరికి వద్దాం. ఈ తండ్రులను ఇలా తయారుచేసింది సినిమాలే అనను గానీ, వాళ్లకు ఇంత సుఖంగా ఏడ్చే సౌకర్యం కల్పించింది మాత్రం అవే. 1999లో 'తమ్ముడు' వచ్చింది. కిక్‌బాక్సింగ్ బరిలో దిగాల్సిన అన్న ఆస్పత్రి పాలైతే, అప్పటిదాకా ఆవారాగా తిరిగిన తమ్ముడు ఒక ఇంగ్లీషు పాట నడిచేంతసేపు కష్టపడి ఛాంపియన్ అయిపోతాడు. అన్నకు ఏళ్లు పట్టిన విద్య తమ్ముడికి నాలుగైదు నిమిషాల్లో వచ్చేసింది. ఏమంటే, రక్తం. 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'. తల్లి పెంపకంలో పెరిగిన కొడుకు వెతుక్కుంటూ పోతే, వదిలేసి పోయిన నాన్న కిక్‌బాక్సింగ్ గురువని తేలుతుంది. మళ్లీ రక్తం. 2022లో 'గని'. తండ్రి బాక్సర్ కనుక తల్లి బాక్సింగ్ వద్దంది, తండ్రి బాక్సర్ కనుకే కొడుకు ఆగలేకపోయాడు. ఇంకా రక్తం. మన తెర మీద ఆట నేర్చుకునేది కాదు, ఎక్కించేది. ఇదే లెక్కన చూస్తే మన గిత్త యజమాని చెప్పిందీ నిజమే: ఇంటా వంటా లేనిది రాదు!

పాపం, ఆ సినిమాల్ని తీసేవాళ్లను మాత్రం ఏమనగలం? నాన్న మాట కాదని సొంత దారి వెతుక్కో అని హీరో కుర్రకారుకు చెప్తుంటాడు. ఆ చెప్పే హీరో ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో పోస్టరు మీద పేరుకు ముందే తెలిసిపోతుంటుంది. 'ఒక్కడు'లో పోలీసు అధికారి అయిన తండ్రికి ఇష్టం లేకున్నా మహేష్‌బాబు కబడ్డీ ఆడాడు, రాష్ట్రమంతా ఈలలేసింది. నిజానికి ఆ సినిమాలో కబడ్డీ కంటే కర్నూలు నుంచి అమ్మాయిని తీసుకుని పరుగెత్తిందే ఎక్కువసేపు. అదీ ఆటే అనుకుందాం. అయితే ఇంట్లో మాట కాదని కబడ్డీ ఆడిన ఆ హీరో బయట కృష్ణగారి అబ్బాయి, నాన్నగారి వృత్తినే చేపట్టాడు. తప్పని అనడం లేదు; ఆయనకు వారసత్వం కలిసొచ్చింది, పాత్రకు ధిక్కారం కలిసొచ్చింది, టికెట్టు కొన్నవాడికి రెండూ లేవు.

మన వైపు నుంచి సినిమాల్లోకి వెళ్లినవాడు విజయ్ దేవరకొండ. వాళ్ల కుటుంబానిది అచ్చంపేట దగ్గరి తుమ్మన్‌పేట. తండ్రి నటుడవుదామని పట్నం పోయి టీవీ సీరియళ్లకు దర్శకుడయ్యాడు. ఇంటా వంటా లెక్క ప్రకారం చూసినా, సగం ఉంది సగం లేదు. ఈ కుర్రవాడు 2022లో 'లైగర్' చేశాడు. మైక్ టైసన్‌ను కూడా పట్టుకొచ్చి పెట్టారు. అయినా హీరో ఎందుకు కొట్టగలుగుతున్నాడంటే కారణం కావాలి కదా, లయన్‌కూ టైగర్‌కూ పుట్టినవాడు కనుక లైగర్ అన్నారు. పోస్టరు మీద క్రాస్‌బ్రీడ్ అని కూడా వేశారు. పశువుల సంతలో బేరగాడు చెప్పే మాట అది! మా గిత్త యజమానులకు ఆ సినిమా నచ్చాల్సింది, ఎందుకో వాళ్లూ చూడలేదు.

తండ్రులకు నచ్చిన సినిమా వేరే ఉంది. 2016 నాటి 'దంగల్'. ఆడపిల్లలు కుస్తీ పట్టడం చూసి మనవాళ్లు విశాలహృదయులైపోయారని సంబరపడకండి. అందులో కల నాన్నది, నిర్ణయం నాన్నది, జుట్టు కత్తిరించిందీ నాన్నే. ఎదురు తిరిగిన కూతురు ఓడిపోతుంది, నాన్న చెప్పినట్టు విన్నాక గెలుస్తుంది. ఇంతకన్నా హాయిగొలిపే సినిమా మన తండ్రులకు ఇంకెవరు తీస్తారు? ఇంటికొచ్చి కుస్తీకి బదులు ఐఐటీ అని మార్చుకుని అదే సినిమా ఇంట్లో ఆడించారు. పొద్దున నాలుగింటికి లేపడం ఒకటే, జుట్టు కత్తిరించడం ఒకటే. హాస్టల్ వేరు.

ఇంకో నియమం చూడండి. మన ఆటల సినిమాల్లో తండ్రి ఎప్పుడు కరుగుతాడు? ఆఖరి మ్యాచ్‌లో, ఆఖరి నిమిషంలో, స్టాండ్స్‌లో లేచి నిలబడతాడు. పిల్లవాడు గెలుస్తాడు. లేదంటే చస్తాడు. 'భీమిలి కబడ్డీ జట్టు'లో చచ్చాడు, 'జెర్సీ'లో చచ్చాడు, రెండిట్లోనూ పాపం నానియే. గెలిస్తే ఒప్పుకుంటాం, చస్తే ఏడుస్తాం, ఊరికే ఆడుకుంటానంటే మాత్రం ఒప్పుకోం. గెలవకుండా, చావకుండా, జిల్లా స్థాయిలో ఆడి, ఒళ్లు గట్టిపడి, నలుగురితో కలిసి ఓడిపోవడం నేర్చుకుని, తర్వాత ఏదో ఉద్యోగం చేసుకునే మామూలు ఆటగాడి కథ మన తెర మీద అరుదు. నిజానికి ఆడేవాళ్లలో వందకు తొంభై తొమ్మిది మంది వాళ్లే.

గెలిచినవాళ్లనైనా ఎట్లా గౌరవిస్తున్నామో చూడండి. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. నిక్కరేసుకుని గుద్దులాడే పిల్లకు పెళ్లెలా అవుతుందని చుట్టపక్కాలు అన్న మాటలను ఆమె తండ్రి పక్కన పెట్టబట్టి ఆ రెండు పతకాలూ వచ్చాయి. ఆయనా ఒకప్పటి ఆటగాడే. ఇంతా చేసి మా ఊరి అరుగు మీద ఆమె పేరు ఎప్పుడు మోగింది? 2024లో ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చినప్పుడు. "అగో, బాక్సింగ్ ఆడితే డీఎస్పీ ఇస్తరట!" రెండుసార్లు ప్రపంచాన్ని గెలిస్తే రాని విలువ భుజం మీద నక్షత్రాలు పడితే వచ్చింది. ఆ వెంటనే మహ్మద్ సిరాజ్‌కూ డీఎస్పీ ఇచ్చారు. టెస్టుల్లో తీసిన వికెట్లు ఎవరికి కావాలి, సెల్యూట్ ఉందా లేదా?

అప్పట్నుంచి మన దగ్గర కొత్త జాతి తల్లిదండ్రులు బయల్దేరారు. ఆటలంటే మండిపడ్డవాళ్లే పీఈటీ సారు ఇంటికి పండ్లు పట్టుకుని వస్తున్నారు. "సార్, పోటీ తక్కువున్న ఆట ఏదన్నా ఉంటే చెప్పుండ్రి." స్పోర్ట్స్ కోటా అనే దేవత ప్రత్యక్షమయ్యాక ఇంటా వంటా సమస్య మాయమైంది. పిల్లకు ఇష్టమైన ఆటా? అదెవరు అడిగారు? జనం పేరు కూడా వినని ఆట అయితే ఇంకా మంచిది, సర్టిఫికెట్ తొందరగా వస్తుంది. పతకానికి లామినేషన్ చేయించి, పిల్లను మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెడతారు.

ఆడదామంటే స్థలం ఉందా అంటారేమో. ఉంది, బోర్డుంది. 2022లో తెలంగాణలో ఊరూరికీ క్రీడా ప్రాంగణం అన్నారు. వాలీబాల్, ఖోఖో, లాంగ్‌జంప్ గుంత, కడ్డీలు. ఆలోచన బంగారం. కొన్ని ఊళ్లలో ఆ బంగారాన్ని శ్మశానం పక్కనో, ఎవరూ పోని బంజరులోనో పాతారు. బోర్డు నిలబడింది, గడ్డి పెరిగింది, ఆ గడ్డి మీద గిత్తలు బాగా ఎదిగాయి. ఆ విధంగా ప్రాంగణం క్రీడలకే ఉపయోగపడుతోందని ఒప్పుకోవాలి. పట్టణాల్లో నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానం, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ మైదానం పేర్లు చెప్తే పిల్లలకు ఆటలు గుర్తొస్తాయో లేదో గానీ, పెద్దలకు ఎన్నికల సభలు గుర్తొస్తాయి. జనాన్ని లారీల్లో దింపి బలం ఎంతో కొలిచే పోటీలు అక్కడ జరుగుతాయి. ఆ లారీలు కూడా మేళ్లచెరువు పోయేవే అయి ఉండవచ్చు. ఇక ప్రైవేటు బడుల సంగతి వదిలేయండి. మూడంతస్తుల మేడ మీద నీళ్ల ట్యాంకుకూ లిఫ్టు గదికీ మధ్య డ్రిల్లు పీరియడ్, అదీ లెక్కల సారు సిలబస్ అయిపోతే.

ఇంతా తిట్టాక తండ్రి పక్షాన ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం. పుల్లెల గోపీచంద్ మాటే తీసుకోండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు, ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టినవాడు. అన్నదమ్ములిద్దరూ ఆడేవారట, అన్న పరీక్ష పాసై ఐఐటీకి పోయాడు, తాను ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష తప్పాడు కనుక ఆటలో మిగిలాడు అని ఆయనే నవ్వుతూ చెప్తుంటాడు. ఆ రోజు నాలుగు మార్కులు ఎక్కువొచ్చి ఉంటే ఈ దేశపు బ్యాడ్మింటన్ గతేమయ్యేదో! అదే గోపీచంద్ 2025లో ఒక ఇంటర్వ్యూలో, డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దింపొద్దన్నాడు. ఆటలో ఏళ్లు ధారపోసి పతకం రానివాళ్లు తర్వాత ఏమవుతున్నారో చూసినవాడు కనుక అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎకరం మెట్ట చేను, మిర్చి అప్పు ఉన్న తండ్రికి భయం ఉండటం తప్పు కాదు.

తప్పల్లా ఆ భయానికి తలపాగా చుట్టి సంప్రదాయం అని పేరు పెట్టడంలో ఉంది. 2002లో ఇంగ్లండ్‌లో గురిందర్ చద్దా తీసిన 'బెండ్ ఇట్ లైక్ బెక్‌హాం' నవ్వించే సినిమానే. పంజాబీ ఇంటి పిల్ల ఫుట్‌బాల్ ఆడతానంటే తల్లి వంట నేర్చుకోమంటుంది, తండ్రి కుటుంబ పద్ధతి అంటాడు. తీరా చూస్తే ఆ తండ్రి నైరోబీలో మంచి ఫాస్ట్ బౌలర్. ఇంగ్లండ్ వచ్చాక క్లబ్బుల వాళ్లు తలపాగా చూసి వెళ్లగొట్టారు. బిడ్డకు ఆ దెబ్బ తగలకూడదని ఆయన బాధ. ఆ మాట నోరు తెరిచి చెప్పిన రోజు ఇంట్లో గొడవ సగం తీరిపోయింది. మన తండ్రులు కూడా "నాకు భయమైతంది బిడ్డా, నీకేమన్నా అయితే నా దగ్గర పైసల్లేవు" అంటే పిల్లకు అర్థమవుతుంది. బహుశా ఆడటం మానదు గానీ, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా అని ఒక ఒప్పందానికి వస్తుంది. ఇంటా వంటా అంటే ఒప్పందానికి ఎక్కడ రావాలి, చచ్చిపోయిన ముత్తాతతో మాట్లాడాలి.

భువనగిరిలో ఏకశిల కోట ఉంది. ఏళ్ల తరబడి రైల్లో పోయేవాళ్లూ బండ్ల మీద పోయేవాళ్లూ దాన్ని చూసి అబ్బా అన్నారు. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగారు. అక్కడే రాక్ క్లైంబింగ్ బడి పెడితే, నిజామాబాద్ నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ ఆ బండ మీద పాకడం నేర్చుకుని 2014లో పదమూడేళ్లకు ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి ప్రాంతపు రైతు బిడ్డ పడమటి అన్వితారెడ్డి 2022లో ఎక్కింది. ఎవరెస్ట్ వీళ్లిద్దరి ఇంటా ఉందా, వంటా ఉందా? ఊళ్లో బండ ఉంది, నేర్పే మనిషి దొరికాడు. కావలసింది అంతే. అదే బండను రెండు గిత్తలకు కట్టి లాగించవచ్చు కదా అని ఎవరికీ తోచకపోవడం మన అదృష్టం.

ఈ మధ్య నాకూ ఒక సినిమా తీయించాలన్న దురద పుట్టి, పరిచయం ఉన్న ఒక నిర్మాతకు కథ చెప్పాను. నల్లగొండ జిల్లాలో ఖోఖో ఆడే పిల్ల. పోటీలకు మహబూబ్‌నగర్ పోతుంది. సెమీఫైనల్లో ఓడిపోతుంది. రాత్రి ఎర్ర బస్సెక్కి ఇంటికొచ్చి, పచ్చిపులుసు పోసుకుని తిని పడుకుంటుంది. తెల్లారి మళ్లీ గ్రౌండుకు పోతుంది.

"ఫైనల్ ఎప్పుడు?" అన్నాడాయన.

"లేదు సార్."

"పోనీ డీఎస్పీ ఉద్యోగం?"

"రాదు సార్."

"పిల్ల తాత ఏమన్నా పాత ఛాంపియనా? ఫ్లాష్‌బ్యాక్ పెడదాం."

"తాతది పాలమూరు మేస్త్రీ పని సార్. డ్యాముల దగ్గర."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఆలోచించాడు. "సరే, అవన్నీ వదిలేయ్. ఆ పిల్ల ఓడిపోతున్నప్పుడన్నా తండ్రి స్టాండ్స్‌లోకి వచ్చి లేచి నిలబడతాడు కదా? ఆ ఒక్క షాట్ ఉంటే జనం ఏడుస్తారు."

"రాడు సార్. ఆ రోజు రెండు పళ్ల విభాగం ఉంది."